అవ్వ చేత ఆమెన్ అనిపించిన నున్‌జిరీ

నా భార్య నున్‌జిరీ టీవీ చూసే పద్ధతి వేరు. మిగతావాళ్ళు వెనక్కి ఆనుకుని చూస్తారు. ఆమె ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పొయ్యి మీది గిన్నెలో ఏం ఉడుకుతోందో చూసినట్టు చూసేది. వార్తలు చదివే ఆయన్నీ, సబ్బు అమ్మే అమ్మాయినీ, ఆదివారం భక్తిగీతాలు పాడే బృందాన్నీ ఒకే ప్రశ్న అడిగేది.

"సరే, నన్నిప్పుడు ఏం కోరుకోమంటున్నావు?"

సబ్బు అమ్మాయి జవాబు చెప్పదు కదా, నున్‌జిరీయే చెప్పేది. "తెల్లబడమంటోంది. తెల్లబడితే పెళ్ళవుతుందట. నాకైపోయింది తల్లీ, ఇంకో ఇంటికి వెళ్ళు."

భక్తిగీతాల బృందాన్ని అడిగినప్పుడు మాత్రం నాకు కొంచెం బెరుకుగా ఉండేది. "వీళ్ళు దేవుణ్ణి కోరుకోమంటున్నారా, వాళ్ళ బట్టల్ని చూడమంటున్నారా?" అని ఆమె చాలాసేపు ఆలోచించేది. వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకోవాలని ఉండేది.

ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. నేనిప్పుడూ టీవీ పెడుతున్నాను. అడిగేవాళ్ళు లేరు కాబట్టి అది తన ఇష్టం వచ్చినట్టు చెప్పుకుపోతోంది.

ఆమెను సీరియళ్ళలోకి దించినవాడు తెతేయా. ఐజ్వాల్‌లో మా పేటకంతటికీ కేబుల్ ఇచ్చేది అతనే. ఆ రోజుల్లో కొరియా సీరియళ్ళంటే జనం పడిచచ్చేవాళ్ళు. డిస్కుల్లో వచ్చేవి, కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి. ముసలివాళ్ళకు ఆ అక్షరాలు అందవు. వాటిని మిజోలోకి మార్చి, మాటలు రికార్డు చేసి వేస్తే వీధంతా తన కనెక్షనే తీసుకుంటుందని తెతేయాకి తోచింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన నున్‌జిరీ దగ్గరికి వచ్చాడు.

"పీ, మీరు రాసిస్తే చాలు. గొంతులు నేను చూసుకుంటాను." పెద్ద ఆడవాళ్ళని మేం మర్యాదగా పీ అంటాం, మగవాళ్ళని పు.

గొంతులు అతనికెక్కడ దొరుకుతాయి? వారం తిరిగేసరికి సీరియల్లో ఆడవాళ్ళందరికీ నున్‌జిరీ, తెతేయా చెల్లెలు కలిసి పలికారు. కుర్రవాళ్ళకు తెతేయా. ముసలి మగవాళ్ళందరికీ నేను. కంపెనీ చైర్మన్ నేనే, ఆయన్ని కేసులో ఇరికించిన లాయరూ నేనే, శిక్ష వేసిన జడ్జీ నేనే. ఒకసారి గుర్రం కూడా నేనే. తెతేయా ఇంటి కింది అంతస్తు గదిలో గోడలకు గుడ్ల అట్టలు అంటించి, కిటికీకి దుప్పట్లు కట్టి, ఒక్క మైకు చుట్టూ నిలబడేవాళ్ళం. వాన వస్తే పని ఆగిపోయేది, రేకుల మీద చప్పుడుకి మైకుకి ఇంకేమీ వినబడదు. పక్కింటివాళ్ళు పందులకు మేత పెట్టే వేళకీ ఆగేది.

బజారుకెళితే ఆవకూర అమ్మే ఆమె నన్ను వదిలేది కాదు. "చైర్మన్ గారూ, ఆస్తంతా పెద్దకొడుక్కే రాసేశారట కదా! చిన్నవాడేం పాపం చేశాడు?"

"అమ్మా, నేను సచివాలయంలో గుమస్తాని."

"అవునవును. దాచుకోండి. వచ్చే వారం తెలిసిపోతుందిలే."

ఇదంతా నవ్వులాటగా నడిచిపోతుండగా ఒక సాయంత్రం చర్చి సంఘపెద్ద పు కప్లియానా మా ఇంటికొచ్చాడు. అడవిశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నిటారుగా కూర్చుంటాడు, టీ తాగేటప్పుడు కూడా. నున్‌జిరీ బెల్లం ముక్కలు ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"రువాతీ అమ్మా, బుధవారం ఆరాధనకి ముప్పై ఒక్కమంది వచ్చారు. నేనే లెక్కపెట్టాను. మిగతా వీధంతా నీ సీరియల్ దగ్గరుంది." రువాతీ మా కూతురు. పెద్దవాళ్ళు మమ్మల్ని దాని పేరుతోనే పిలుస్తారు.

"మీరు చూశారా పు, ఒక్కసారైనా?"

"నేనెందుకు చూస్తాను?"

"చూడకుండా బాగోలేదని ఎలా తెలిసింది?"

"అందరూ చెప్తున్నారుగా."

నున్‌జిరీ ముందుకు వంగింది. ఆ వంగడం నాకు తెలుసు. "చిన్నప్పుడు మీ అమ్మగారి వెంట పుట్టగొడుగులకి అడవికి వెళ్ళేవారా?"

"ఎవరు వెళ్ళలేదు?"

"ఆవిడ కళ్ళు మూసుకుని ఏరేవారా? లేక పుట్టగొడుగులే వద్దనేవారా?"

పు కప్లియానా బెల్లం ముక్క తీసుకుని కొరికాడు. "తిప్పి చూసేది. కాడ విరిచి వాసన చూసేది."

"నేనూ అదే చేస్తానంటున్నాను. పిల్లలకీ అదే నేర్పాలనుకుంటున్నాను. అన్నీ పరీక్షించి చూడమని బైబిల్లో మనకు చెప్పారు గాని, గుడ్డిగా తినమనీ చెప్పలేదు, గుడ్డిగా పారేయమనీ చెప్పలేదు."

ఆయన టీ అంతా తాగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చెప్పాడు. "కమిటీలో నీ తరఫున మాట్లాడతాను. కానీ ఒక షరతు. నీ కాగితం మీంచి, నీ నోట్లోంచి తగని మాట ఒక్కటి మన ఇళ్ళలోకి రాకూడదు. వస్తే పిల్లల క్లాసు వదిలేసుకోవాలి. రెండూ ఒక చేత్తో పట్టుకోలేవు."

ఆ క్లాసు సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆదివారం పొద్దున సండేస్కూల్లో ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆమే టీచరు. శనివారం నుంచే ఆమె మనసు అక్కడుండేది. పిల్లలు అడిగిన ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసుకునేది. 'జలప్రళయమప్పటి ఓడలో చెదపురుగులు ఎక్కాయా? ఎక్కితే ఓడ ఎందుకు మునగలేదు?' అలాంటివి. జవాబు తెలియని వాటి పక్కన చుక్క పెట్టేది. చుక్కలే ఎక్కువ. ఆ క్లాసు పోతే ఆమెకు ఆదివారం ఏం మిగులుతుందో నేను ఊహించలేకపోయాను. ఆమె కూడా ఊహించలేదేమో, వెంటనే "సరే" అంది.

అప్పట్నుంచి నున్‌జిరీ సీరియల్‌ని శుభ్రం చేయడం మొదలుపెట్టింది.

మొదట ఆకుపచ్చ సీసాలు. ఆ సీరియల్లో ప్రతివాడూ బాధ కలిగితే చాలు, చిన్న గ్లాసుల్లో ఏదో పోసుకుని తాగుతాడు. మా రాష్ట్రంలో అప్పుడు మద్యనిషేధం. ఆమె 'జూసు' అని రాసింది. కథానాయకుడు నాలుగు సీసాల జూసు తాగి, బస్టాపులో స్తంభాన్ని కౌగిలించుకుని తల్లి పేరు పెట్టి ఏడ్చాడు. రికార్డు చేసేటప్పుడు తెతేయాకి నవ్వాగలేదు, ఏడుపు సీను ఆరుసార్లు చేయాల్సి వచ్చింది.

మర్నాడు బజార్లో కూరలామె నున్‌జిరీని పట్టుకుంది. "పీ, ఆ జూసు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. మా ఇంటాయన పెళ్ళయినప్పట్నుంచి ఒక్కసారీ ఏడవలేదు. రెండు సీసాలు పోసి చూస్తాను."

నున్‌జిరీ నవ్వింది గాని, ఇంటికొచ్చాక ముభావంగా ఉంది. "అది జూసు కాదని తెలిసిపోతోంది కదా," అంది. "తెలిసిపోతే మంచిదేగా, ఎవరికీ నష్టం లేదు," అన్నాను. నేనన్న ఆ మాటని చాలా రోజులు మర్చిపోలేకపోయాను.

ముప్పై నాలుగో భాగంలో ఒక అవ్వ వచ్చింది. కథలో ఆమె భర్త పోయి ఏడాదవుతుంది. ఆమె భర్త ఫొటో ముందు పొట్టి బల్ల వేసి, పండ్లు, చేప, అన్నం వరసగా పేర్చి, రెండు చేతులూ నుదుటి దగ్గర పెట్టుకుని నేలకు వంగి, మాట్లాడుతుంది. కింద ఇంగ్లీషులో ఇలా వచ్చింది: ఆకులు ఎర్రబడ్డాయి, చలి మొదలైంది, రా, వచ్చి తిను, నీ చోటు నీకలాగే ఉంచాను.

నున్‌జిరీ అక్కడ ఆపి చాలాసేపు తెర వైపు చూసింది. తర్వాత గబగబా రాసింది. 'తండ్రీ, చలికాలం వచ్చింది. ఈ ఇంటిని నీ చేతుల్లో పెడుతున్నాను. నా వాళ్ళని కాపాడు. ఆమెన్.'

"మరి ఆ పండ్లు?" అన్నాను.

"పంట పండినప్పుడు మనం చర్చిలో పెట్టమా? అలా అనుకుంటారు."

"నేలకి వంగడం?"

"మోకరించిందనుకుంటారు. చచ్చినవాణ్ణి భోజనానికి పిలిచిందని మన పిల్లల చెవుల్లో వేయమంటావా? పు కప్లియానా ఆ క్షణమే మనింటికొస్తాడు."

ఆ అవ్వకి గొంతు ఆమే ఇచ్చింది. బాగా ఇచ్చింది. చివర్లో 'ఆమెన్' అన్నప్పుడు గొంతు కొంచెం వణికించింది, తెతేయా చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. నాకు తర్వాత గుర్తొచ్చిన విషయం ఏమిటంటే, సబ్బు అమ్మాయిని అడిగే ప్రశ్నని ఆ రోజు ఆమె ఆ అవ్వని అడగలేదు.

ఆ భాగం వచ్చిన మరుసటి ఆదివారం చర్చిలో పు కప్లియానా ప్రసంగం చెప్పాడు. మధ్యలో గొంతు సవరించుకుని, "నేనూ మొన్న చూశాను," అన్నాడు. జనం కదిలారు. "దాచడమెందుకు, మా ఇంట్లో పెట్టారు, చూశాను. ఆ దేశపు ముసలమ్మ ఎంత భక్తిగా ప్రార్థించిందో చూశారా? బల్ల సర్ది, మోకరించి, తన ఇంటిని దేవుడి చేతుల్లో పెట్టింది. మన ఇళ్ళలో బల్ల ముందు అలా కూర్చునేవాళ్ళు ఎంతమంది?"

నా పక్కన నున్‌జిరీ తల వంచుకుంది. సిగ్గు అనుకున్నాను. కాదు, నవ్వు దాచుకుంటోంది, గెలిచిన నవ్వు.

రెండు వారాలు గడిచాయి. మా ఇళ్ళలో వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. అది దేవుడిది. శనివారం స్త్రీల సమాజంవాళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు. ఆ నెల మా వైపు వంతు నున్‌జిరీది, సంచి మోసేవాణ్ణి నేను. దిగువన అరవై మెట్లు దిగితే పీ చోంగీ ఇల్లు. ఎనభై దాటిన మనిషి. ఆమె కోడలు ఆ వేసవిలోనే జబ్బుచేసి పోయింది, కొడుకు దూరంగా రోడ్డు పనిలో ఉన్నాడు. ఇంట్లో ఆమే, మనవరాలు ఖుమీ. ఖుమీ నున్‌జిరీ క్లాసు పిల్లే.

పీ చోంగీ డబ్బా తెచ్చి మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేసింది.

"ఏమైంది పీ?"

"నేను తీస్తున్నాను. రెండు పూటలా నా చేత్తోనే తీస్తున్నాను." ఆమె డబ్బాని ఒళ్ళోకి లాక్కుంది. "పెళ్ళయి వచ్చినప్పట్నుంచి ఈ డబ్బా ఖాళీగా ఇవ్వలేదు నేను."

డబ్బా అడుగున నాలుగు గింజలున్నాయి.

"ఎలుకలేమో పీ," అన్నాను నేను.

"మూత పెట్టిపోయే ఎలుకా?" అంది ముసలావిడ.

వెనకనుంచి ఖుమీ అంది, "నేనే తీశాను టీచర్. దొంగతనం కాదు. ప్రార్థన చేసే తీశాను."

కిటికీ గట్టు మీద వాళ్ళమ్మ ఫొటో ఉంది. దాని ముందు శుభ్రంగా తుడిచిన చిన్న పళ్ళెం. రోజూ సాయంత్రం ఖుమీ దాన్లో పిడికెడు బియ్యం పోస్తుందట. నేలకి వంగి, కొరియా అవ్వ చెప్పిన ప్రార్థన చెబుతుందట. పొద్దున చూస్తే పళ్ళెం ఖాళీ.

"అమ్మ తింటోంది," అంది ఖుమీ. ఆ మొహంలో వెలుగు చూసి నేను సంచి మూతి కట్టుకుంటున్నట్టు తల దించుకున్నాను. "మొదటి రోజు తినలేదు. ఆమెన్ మర్చిపోయాను. రెండోరోజు నుంచి తింటోంది. టీచర్, ఉడకేసి పెట్టాలా, పచ్చిదే పెట్టాలా? ఆ అవ్వ అన్నం పెట్టింది కదా."

పంతొమ్మిదేళ్ళలో పిల్లలు అడిగిన ఏ ప్రశ్న నుంచీ నున్‌జిరీ తప్పించుకోవడం నేను చూడలేదు. "సోమవారం పొద్దున వస్తాను. అప్పుడు చెప్తాను," అని బయటికొచ్చేసింది.

పైకి ఎక్కేటప్పుడు పది మెట్లకోసారి ఆగింది. బరువు నా భుజం మీద, ఆయాసం ఆమెకి.

"ఆ అవ్వ చచ్చినాయన్ని పిలుస్తోందని చెప్పి ఉంటే ఖుమీ ఏం చేసేది?" అని నన్నడిగింది.

"అదీ చూసి పెట్టేదేమో."

"పెట్టేదేమో. కానీ మా క్లాసుకొచ్చి అడిగేది. 'టీచర్, వాళ్ళలా చేస్తారట, మనం చేయొచ్చా?' అని. ఆ ప్రశ్నే రాకుండా చేశాను నేను. అదేదో నేను చెడ్డదాన్ని ఏరి పారేశాననుకున్నాను. పారేయలేదు. దానికి మన పేరు రాసి బుట్టలో వేశాను."

"పిల్లకి చెప్పేయి. అంతటితో పోతుంది. వీధంతటికీ ఎందుకు? క్లాసు పోతుంది నున్‌జిరీ."

ఆమె కిందికి, మెట్లకటూ ఇటూ ఒకదాని మీద ఒకటి వేలాడుతున్న ఇళ్ళ వైపు చూసింది. "అన్ని కిటికీల్లో ఎన్ని పళ్ళేలున్నాయో నాకు తెలియదు కదా," అంది.

సోమవారం తెల్లవారగానే వెళ్ళాం. మా దగ్గర ఐదుకే వెలుతురు వస్తుంది. ఖుమీ లేచి కూర్చుని ఉంది. పళ్ళెంలో ముందురోజు సాయంత్రం పోసిన బియ్యం అలాగే ఉంది.

"ఖుమీ, అమ్మ తినడం ఎప్పుడైనా చూశావా?" అంది నున్‌జిరీ.

"లేదు."

"చూద్దామా?"

ఆ పిల్ల భయపడుతుందేమో అనుకున్నాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి గాని, భయం కాదు. ఇద్దరూ లోపలి గది తెర వెనక నేల మీద కూర్చున్నారు. నేను, పీ చోంగీ పొయ్యి దగ్గర. పీ చోంగీ పొగాకు చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కిటికీ రేకు చప్పుడైంది. పీ చోంగీ ఎర్రకోడి గట్టు మీదికెక్కింది. ఫొటో వైపు ఒకసారి, మా వైపు ఒకసారి తల తిప్పి చూసింది. ఎవరింటికో వచ్చి భోజనం చేస్తున్న మర్యాదస్తురాలిలా నింపాదిగా పళ్ళెమంతా ఖాళీ చేసింది. దిగిపోయింది.

తెర వెనక నుంచి ఖుమీ గొంతు వినబడింది. "అమ్మ కాదు."

"కాదు," అంది నున్‌జిరీ.

"మరి ప్రార్థన?"

"అది ప్రార్థన కాదు ఖుమీ. ఆ అవ్వ దేవుణ్ణి పిలవలేదు. చనిపోయిన భర్తని భోజనానికి పిలిచింది. వాళ్ళ ఊళ్ళో అలా పిలుస్తారు. నేనే దాన్ని మార్చి ప్రార్థన అని చెప్పాను. ఆమెన్ కూడా నేనే పెట్టాను."

"ఎందుకు?"

"భయమేసింది."

"ఎవరంటే?"

"పు కప్లియానా అంటే."

"ఆయనంటే నాకూ భయమే," అంది ఖుమీ. "అయితే అమ్మకి ఆకలేయదా?"

"వేయదు. అమ్మ దేవుడి దగ్గరుంది. అక్కడ ఎవరికీ ఆకలుండదని మనం నమ్ముతాం. నీకే అమ్మకి ఏదైనా పెట్టాలని ఉంది. ఆ మాట దేవుడితో చెప్పు. అమ్మకి పెట్టాలని ఉంది, పెట్టలేకపోతున్నాను అని."

"అలా చెప్పొచ్చా? అది కోపంగా చెప్పినట్టుంటుంది."

"కోపంగానే చెప్పు."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. ఎంతసేపో. నున్‌జిరీ దాన్ని ఊరుకోమనలేదు.

పొయ్యి దగ్గర పీ చోంగీ, ఎవరితోనని కాకుండా, మెల్లగా అంది. "మా అమ్మ కూడా పెట్టేది. మేం చర్చిలో చేరకముందు. మొక్కజొన్న కంకులొచ్చే నెలలో, పోయినవాళ్ళకి అటక మీద మొదటి కంకులు పెట్టేది. ఈ పిల్ల పళ్ళెం పెడితే నాకు తెలియలేదనుకున్నావా? తెలిసింది. ఏమనాలో తెలియక ఊరుకున్నాను. బియ్యం డబ్బాలోంచి తీస్తోందని మాత్రం తెలియలేదు."

నున్‌జిరీ తెర తీసుకుని వచ్చింది. "ఆ కంకులు ఎవరు తినేవాళ్ళు పీ?"

"ఎలుకలు. మా అమ్మకి తెలుసు."

"తెలిసీ పెట్టేదా?"

"ఊరుకోలేక పెట్టేది." ముసలావిడ చుట్ట వెలిగించింది. "బాప్తిస్మం తీసుకున్న ఏడాది మానేసింది. ఆ నెలంతా అటక వైపు చూడలేదు."

నున్‌జిరీ దాన్ని నోటుబుక్కులో రాసుకుంది. పక్కన చుక్క పెట్టిందో లేదో నేను చూడలేదు.

ఆ బుధవారం ఆరాధనయ్యాక చర్చి పక్కగదిలో పెద్దలు కూర్చున్నారు. నున్‌జిరీ నల్లగీతల పుఆన్, అంటే మా ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే నేతబట్ట, కట్టుకుని, చావింటికి వెళ్ళినట్టు వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర. జూసు దగ్గర్నుంచి మొదలుపెట్టి కోడి దాకా ఏమీ వదలకుండా చెప్పింది. పు కప్లియానా మొహం క్రమంగా ఎరుపెక్కింది.

"నేను ఆ ముసలమ్మని సంఘమంతటికీ చూపించి, ఈమెలా ఉండమని చెప్పాను," అన్నాడు చివరికి.

"అవును పు."

"నువ్వు మూడో వరుసలో కూర్చుని విన్నావు."

"విన్నాను. సంతోషపడ్డాను కూడా. అది కూడా చెప్పడానికే వచ్చాను."

పెద్దల్లో వయసులో చిన్నాయన ఒకడు కల్పించుకుని, "ఇంక సీరియళ్ళే వద్దు, అసలు ఆ టీవీ డబ్బానే ఇళ్ళలోంచి తీసేయమందాం," అన్నాడు.

పు కప్లియానా చెయ్యెత్తి అతన్ని ఆపాడు. "నేను చూశాను రువాతీ అమ్మా. పండ్లు చూశాను. చేపని చూశాను. ఫొటో ముందు నుదురు నేలకి ఆనించడం చూశాను. నలభై ఏళ్ళు అడవిలో ఆకుని చూసి చెట్టు పేరు చెప్పినవాణ్ణి. చెవిలో ఆమెన్ పడింది, అంతే, ఇక కళ్ళని నమ్మలేదు. మాట మనదైతే చాలనుకున్నాను." ఆగి, "ఆ పిల్ల నాకంటే తక్కువ తప్పు చేసింది," అన్నాడు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు ఇంకొకాయన నున్‌జిరీతో.

"ఆ భాగం మళ్ళీ పలికి వేయిస్తాను. ఆ అవ్వ ఏమందో అదే పలుకుతాను. ముందు నా పేరుతో చెప్తాను, తప్పు చెప్పానని. ఇక మీదట మార్చను. చూసినవాళ్ళు అడిగితే కూర్చుని మాట్లాడతాను."

"అంటే ఆ పిలుపు మాటలు మన ఇళ్ళలో వినబడతాయి."

"వినబడతాయి."

"అయితే షరతు?"

"షరతు తప్పినట్టే," అంది. ఆమె పుఆన్ అంచుని వేళ్ళతో మడతపెట్టడం కనబడింది.

పది నిమిషాల్లో తేల్చారు. క్లాసు ఆ ఆదివారం నుంచే వేరే ఆమెకి. ఏడాది చివరిదాకా అలాగే. సీరియల్ ఆమె చెప్పినట్టే.

తెతేయా తల పట్టుకున్నాడు. "పీ, పాత భాగం మళ్ళీ వేస్తే జనం నా వైర్లు కోసేస్తారు."

"కోస్తే నేను అతికిస్తాను. మైకు పెట్టు."

వేశాడు. మొదట అరనిమిషం నున్‌జిరీ ఎవరి గొంతూ పెట్టకుండా తన గొంతుతో మాట్లాడింది. తర్వాత అవ్వ వచ్చింది. 'రా, వచ్చి తిను, నీ చోటు నీకలాగే ఉంచాను.' ఈసారి వణికించలేదు. మా ఇంట్లో ఫోను ఆగకుండా మోగింది. ఇద్దరు తిట్టారు. ఒకామె, "ఆమెన్ ఉన్నప్పుడే బాగుంది పీ, ఇప్పుడు భయంగా ఉంది," అంది. ఇంకొకామె ఏడుస్తూ, తన గూట్లో కూడా ఒక గిన్నె ఉందని చెప్పింది. నున్‌జిరీ చెప్పులేసుకుని ఆ ఇంటికి బయల్దేరింది. కూరలామె మాత్రం మర్నాడు, "ఆ జూసు సంగతి కూడా చెప్పేశారట. మాకు ముందే తెలుసులెండి," అని రెండు కట్టలు ఆవకూర ఊరికే ఇచ్చింది.

ఆదివారం వచ్చింది. మా సండేస్కూల్లో పెద్దవాళ్ళకూ క్లాసులుంటాయి, తలనెరిసినవాళ్ళూ పుస్తకం పట్టుకుని బెంచీ మీద కూర్చుంటారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత నున్‌జిరీ మొదటిసారి విద్యార్థిగా వెళ్ళింది. స్త్రీల క్లాసు చివరి బెంచీలో కూర్చుంది. ఆ క్లాసుకి టీచరు పు కప్లియానా. పక్క గదిలోంచి ఎనిమిదేళ్ళ పిల్లల గోల వినబడుతుంటే ఆమె అటు తల తిప్పకుండా కూర్చుందని కూరలామె తర్వాత నాకు చెప్పింది.

మొదటి ఆదివారం ఊరుకుంది. రెండో ఆదివారం చెయ్యెత్తింది. పాఠంలో ఎవరో ప్రవక్త కల గురించి వచ్చింది. "పు, ఈ కల దేవుడిదని ఆయనకెలా తెలిసింది? తను కోరుకున్నదే కలగా వచ్చిందేమో అని చూసుకున్నాడా?" మూడో ఆదివారం రెండుసార్లు. నాలుగో ఆదివారానికి ఆమె పక్కవాళ్ళూ మొదలుపెట్టారు. పేపర్లో వచ్చిన స్వస్థత ప్రకటన కత్తిరించి తెచ్చి, "ఇది నన్నేం కోరుకోమంటోంది పు?" అని అడిగారు. వార్తల్లో మంత్రి కన్నీళ్ళ గురించి అడిగారు. భక్తిగీతాల బృందం బట్టల గురించీ ఎవరో అడిగారట. ఆయన జవాబు తెలియక వారం గడువడిగి, ఇంటికెళ్ళి పుస్తకాలన్నీ తిరగేసేవాడని వాళ్ళావిడ చెప్పుకుంది.

డిసెంబరులో వచ్చే ఏడాదికి టీచర్ల పేర్లు ఖాయం చేసే సమావేశం. లోపలేం జరిగిందో పెద్దల్లో ఆ చిన్నాయన నాకు చెప్పాడు. నున్‌జిరీ పేరు రాగానే ఒకరిద్దరు, ఇంకో ఏడాది ఆగుదామన్నారట. పు కప్లియానా లేచి నిలబడ్డాడట.

"ఇచ్చేయండి. ఆమె పిల్లల్ని ఆమెకి ఇచ్చేయండి. ఈ ఏడాది నా క్లాసులో పాఠాలు సగం కూడా కాలేదు."

ఎవరో నవ్వారట. ఆయన నవ్వలేదు. "ప్రశ్నలు మాత్రం మా క్లాసులోనే ఉండనివ్వండి," అని కూర్చున్నాడట.

జనవరి మొదటి ఆదివారం పేర్లు చదివారు. నున్‌జిరీకి ఎనిమిదేళ్ళ పిల్లలు తిరిగొచ్చారు. ఖుమీకి అప్పటికి తొమ్మిదొచ్చాయి. దాని పేరు పై క్లాసు జాబితాలో ఉంది. బయటికొచ్చాక మెట్ల మీద ఆ పిల్ల నున్‌జిరీ పుఆన్ పట్టుకుని, కొత్త టీచరు ప్రశ్నలు అడగనిస్తుందో లేదో కనుక్కోమంది.

"నువ్వే అడిగి చూడు," అంది నున్‌జిరీ. "అడిగాక ఏమందో వచ్చి చెప్పు."